ఫొటోలో మా పిల్ల ఏది?

(ఆదివాసీ యువతీ యువకుల శిక్షణ శిబిరంలో ఒక గోండు ఫొటోగ్రాఫర్ మాట్లాడిన మాటలకు రాత రూపం ఇది. మాట్లాడిన తీరు మార్చలేదు.)



"సెల్‌ఫోన్‌తో సరదాకు ఫొటోలు తీసేటోడివి, ఆ పని మీదనే బతికే ఫొటోగ్రాఫర్‌వి ఎట్లయినవ్? మన పిల్లలకు చెప్పు" అని శిబిరం పెట్టినోళ్లు నన్ను పిలిచిండ్రు. నేను మైకు ముందు మాట్లాడేటోణ్ణి కాదు, కెమెరా వెనక నిలబడేటోణ్ణి. మాటలో తప్పుంటే ఓర్చుకోండ్రి.

మా తాత నుంచి మొదలుపెడత.

మా ఇంట్లో మా తాత ఫొటో ఒక్కటంటే ఒక్కటే ఉన్నది. ఉపాధి హామీ జాబ్ కార్డు మీద అంటించిన ఫొటో అది. ఎవరో వచ్చి, గోడకు నిలబెట్టి, నిమిషంలో తీసుకొని పోయిండ్రు. తాత పోయినంక ఆ కార్డునే ఉట్నూరు తీస్కపోయి ఫొటో పెద్దగ చేపిచ్చినం. కార్డు మీద కొట్టిన ముద్ర సగం తాత చెంప మీద పడి ఉండె. ఫొటో పెద్దగయినంక ముద్ర కూడా పెద్దగయింది. ఇయ్యాల్టికీ మా గోడ మీద తాత ఉన్నడు, ఆయన చెంప మీద సర్కారు ముద్ర ఉన్నది.

తాత దండారీలో గుమేల కొడితే చుట్టూ నాలుగు ఊళ్లు చెప్పుకునేటివి. ఆ చేతులు, ఆ గుమేల, ఆ నవ్వు ఎవ్వరూ తీయలే. మీ ఇండ్లలో కూడా గిట్లనే ఉంటదని నాకు ఎరుకే. మన పెద్దల ముఖాలు మనకు మిగిలింది కార్డుల మీదనే. రేషన్‌కో పెన్షన్‌కో అవసరమైతే ఎవరో తీసిపోయినయి అవి. మనం మనకోసం తీసుకున్నయి లేవు.

ఇంటర్ చదివేటప్పుడు సెలవుల్లో పత్తి ఏరిన కూలి పైసలతో ఒక ఫోన్ కొన్న. దాంట్లో మొట్టమొదట తీసింది మా నాయినమ్మను. జొన్నరొట్టె చేస్తున్నది, పొయ్యి వెలుగు ముఖం మీద పడుతున్నది. ఫొటో చూపిస్తే "ఇది నేనా? ఇంత ముసలిదాన్నయిన్నా?" అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఫొటోల పిచ్చి పట్టింది. దండారీ, నాగోబా జాతర, బర్రెలు, వాన, ఏది కనబడితే అది తీసుడే. ఫేస్‌బుక్‌లో పెడితే లైకులు వచ్చేటివి. రాత్రి ఎన్ని లైకులు వచ్చినయో లెక్కపెట్టుకొని పండుకునేది. సరదా అంటే గదే.

డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. ఇంట్లో ఖర్చులు ఎక్కువై, టౌన్‌లో ఒక స్టూడియోలో పనికి చేరిన. పేరు వద్దులే. లైటు పట్టుకునుడు, కుర్చీలు జరుపుడు, బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టుడు. నెలకు 4,000 జీతం. ఒక ఏడాదికి కెమెరా చేతికిచ్చిండు. ఇంకో ఏడాదికి కంప్యూటర్ ముందు కూసోబెట్టిండు. పని మంచిగనే నేర్పిండు, అది కాదనను. ఆ కంప్యూటర్ ముందరనే నేను నా జీవితంలో పెద్ద తప్పు చేసిన. ఇయ్యాల నేను చెప్పొచ్చిన అసలు ముచ్చట అది.

పెండ్లి ఆల్బమ్‌లు చేసే తమ్ముళ్లు ఇక్కడ ఎవరన్న ఉంటే వాళ్లకు తెలుస్తది. కరిజ్మా ఆల్బమ్ డిజైన్ చేసే ముందు ముఖాలు "టచప్" చేస్తరు. చెమట తుడుస్తరు, మచ్చలు తీస్తరు. అయినంక రంగు తేలగొడతరు. "పెండ్లిపిల్ల కదా, జర ఫెయిర్ కొట్టు" అంటరు. ఎవ్వరూ అడగరు, ఎవ్వరూ వద్దనరు. నేను కూడా కొట్టిన. రోజుకు వంద ముఖాలు తెల్లగ చేసిన.

అట్లాంటప్పుడే మా పెద్దనాయిన బిడ్డ పెండ్లయింది. మా అక్కే. నేను పనిచేసే స్టూడియోనే కదా అని మాకే ఆర్డర్ ఇచ్చిండ్రు. ఫొటోలు నేనే తీసిన, ఆల్బమ్ నేనే చేసిన. మా అక్కది మంచి నలుపు. వానపడ్డ నల్లరేగడి లెక్క మెరుస్తది. ఆ రంగును రెండు రాత్రులు కూసొని, పేజీ పేజీకి, గోధుమ రంగు దాటించి తెల్లగ చేసిన. నా అక్కకు మంచి చేస్తున్న అనుకున్న. ప్రేమతోనే చేసిన.

ఆల్బమ్ తీస్కపోయి పెద్దమ్మ చేతిలో పెట్టిన. చీర కొంగుతో చేతులు తుడుచుకొని తెరిచింది. ఒక పేజీ తిప్పింది, రెండు తిప్పింది, మల్ల మొదటికి వచ్చింది. చానా సేపు చూసి అన్నది:

"మంచిగున్నది బిడ్డా. గీ ఫొటోలో మా పిల్ల ఏది?"

ఎగతాళికి అనలే. నిజంగనే ఎతుకుతున్నది. బిడ్డ మెడలో పూసలు చూసి గుర్తుపట్టింది, ముఖం చూసి కాదు. నేను నవ్వి మాట మార్చిన.

ఆరు నెలలకు అక్క ఇంటికి వచ్చింది. ముఖం మీద చర్మం అక్కడక్కడ లేచిపోయి ఎర్రగయింది. ఏందని అడిగితే, ఏదో తెల్లబడే క్రీము రాసుకుంటున్నదట. ఎందుకే అంటే ఒక్క మాట అన్నది: "అందరు ఆల్బమ్ చూసి, ఫొటోలో ఉన్నట్టు లేవేంది అంటున్నరు."

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నేను ఆ రాత్రి పండుకోలే. మనల్ని తక్కువ చూసేది బయటోళ్లు అని మనం మీటింగుల్లో మాట్లాడతం. నా అక్క ముఖం బాగలేదని కంప్యూటర్‌లో కొట్టేసింది బయటోడు కాదు. నేను.

అసలు ఇది ఎక్కడి నుంచి వచ్చిందని చదువుడు మొదలుపెట్టిన. తెలిసింది ఏందంటే, ఈ తేడా నా ఒక్కని బుర్రలో లేదు, యంత్రంలోనే ఉన్నది. రీలు కెమెరాల కాలంలో, 1950ల నుంచి, అమెరికాలో కోడక్ కంపెనీ ఫొటో ల్యాబులకు ఒక నమూనా బొమ్మ పంపేది. దాని మీద తెల్ల చర్మం ఉన్న ఒక అమ్మాయి ఉండేది. "షిర్లీ కార్డు" అనేటోళ్లు. ఆమె రంగు సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లగున్నోళ్ల ముఖం ఎట్ల వచ్చినా ఎవ్వరికీ పట్టింపు లేకుండె.

ఇప్పటి డిజిటల్ కెమెరా సంగతి కూడా చెప్త, పనికొచ్చే ముచ్చట. కెమెరాలో మీటర్ ఉంటది. దానికి మనిషి తెల్వదు, వెలుగే తెలుస్తది. ముందున్న మొత్తాన్ని ఒక నడిమి బూడిద రంగుకు తేవాలని చూస్తది. మన పెద్దమనిషి తెల్ల ధోతి, తెల్ల రుమాలు కట్టుకొని ఎండలో నిలబడితే, మీటర్ ఆ తెలుపును చూసి ఫొటోను చీకటి చేస్తది. బట్టలు బాగుంటయి, ముఖం బొగ్గయితది. "మనోళ్లు ఫొటోలో మంచిగ రారు" అని మనమే అనుకుంటం. మనిషి మంచిగనే ఉన్నడు, మీటర్ బట్టలను కొలిచింది, ముఖాన్ని కొలవలే.

కాబట్టి ముఖం మీద స్పాట్ మీటరింగ్ పెట్టుండ్రి. ఫోన్ అయితే స్క్రీన్ మీద ముఖాన్ని వేలితో తాకి, వెలుగు గీతను జర పైకి కిందికి జరిపి చూడుండ్రి. నడి ఎండలో తీయకుండ్రి. పొద్దు వాలేటప్పుడు, లేకుంటే ఇంటి చూరు కింద నిలబెట్టి, వెలుగు పక్క నుంచి వచ్చేటట్టు చూసుకోండ్రి. నల్ల చర్మం మీద పక్క వెలుగు పడితే వచ్చే మెరుపు ఏ క్రీముకూ రాదు. చీకటి వైపు జర వెలుగు కావాల్నంటే ఒక తెల్ల పంచె ఇద్దరు పట్టుకుంటే చాలు, అదే మన రిఫ్లెక్టర్. ఇంకోటి, ఫోన్‌లో "బ్యూటీ" అని ఒక బటన్ ఉంటది. అది ముందే ఆన్ అయి ఉంటది చానా ఫోన్లలో. ఇయ్యాల ఇంటికి పోయినంక మొదట దాన్ని బంద్ చేయుండ్రి.

ఇగ స్టూడియో ఇడిచిపెట్టిన. అప్పు చేసి ఒక పాత కెనాన్ 1200డి, దానికి 50 ఎంఎం లెన్స్ కొన్న. రెండూ కలిపి 22,000. ఆ లెన్స్ 1.8 దాకా తెరుచుకుంటది. మంట వెలుగులో గుస్సాడీ తీయాల్నంటే అదే దిక్కు. ఐఎస్ఓ 3200 పెట్టి, షట్టర్ 1/125 పెట్టి, నెమలీకల టోపీ తిరుగుతుంటే తీసిన. వందకు తొంభై కదిలిపోయినయి. పది మిగిలినయి.

ఆ పదిలో ఒకటి నాకు రెండో పాఠం నేర్పింది.

మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది కదా. 2024లో ఆయన మనల్ని ఇడిచిపోయిండు. ఆ పద్మశ్రీ వచ్చినప్పటి నుంచి బయటోళ్లకు గుస్సాడీ బొమ్మ అంటే మోజు పెరిగింది. నేను తీసిన ఒక గుస్సాడీ ఫొటో, మా పక్కూరి కాకది, నెట్‌లో నుంచి ఎవరో తీసుకొని క్యాలెండర్ మీద ఏసిండ్రు. నా పేరు లేదు, పైస లేదు. నాకు మస్తు కోపమొచ్చింది. క్యాలెండర్ పట్టుకొని కాక దగ్గరికి పోయిన. "చూడు కాకా, నా ఫొటో దొంగతనం చేసిండ్రు" అన్న.

కాక తాపీగా చూసిండు. "నీ ఫొటోనా? ఉన్నది నేను కదరా" అన్నడు. జర ఆగి, "వాళ్లు నిన్ను అడగలే. మరి నువ్వు ఫేస్‌బుక్‌లో పెట్టేముందు నన్ను అడిగినవా?" అన్నడు.

అడగలే. గుస్సాడీ ఏసం కడితే అది ఆట కాదు, దీక్ష. దీక్ష ఇప్పేదాక స్నానం కూడా చెయ్యరు. ఏత్మాసూర్ దేవుడి పేరు మీద కట్టిన ఏసాన్ని నేను లైకుల కోసం పెట్టిన. క్యాలెండరోడు పైసల కోసం పెట్టిండు. ఇద్దరి మధ్య తేడా ఎంత?

అప్పుడు చట్టం చదివిన. మీరు కూడా తెలుసుకోండ్రి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త తీసినోడే. హక్కు తీసినోడు బతికినన్నాళ్లు ఉంటది, ఆయన పోయిన తర్వాతి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు ఉంటది. అయితే స్టూడియోలో జీతానికి ఉండి తీస్తే, వేరే ఒప్పందం లేకుంటే హక్కు యజమానిది. ఎవరన్న పైసలిచ్చి తీపిచ్చుకుంటే, వేరే ఒప్పందం లేకుంటే హక్కు తీపిచ్చుకున్నోళ్లది. అందుకే పని ఒప్పుకునే ముందు ఒక్క కాగితం రాసుకోవాలె: ఎన్ని రోజులు, ఎంత పైస, అడ్వాన్స్ ఎంత, ఫొటోలు ఎక్కడెక్కడ వాడతరు, పేరు ఏస్తరా లేదా. తెలుగులో రాసుకున్నా చెల్లుతది.

కానీ ఆ చట్టం అంతా తీసినోడి హక్కు గురించి, పైసలిచ్చినోడి హక్కు గురించి. ఊరికే నిలబడి ఫొటోలో ఉన్న కాక గురించి దాంట్లో మాట లేదు. ఆ మాట మనమే పెట్టుకోవాలె. నేను పెట్టుకున్నది చెప్త. అడిగి తీస్త. తీసినంక చూపిస్త. బయట పెట్టే ముందు మల్ల ఒకసారి అడుగుత. ప్రింటు తీసి వాళ్ల ఇంటికి ఇస్త. పైస వస్తే వాళ్లకు వాటా ఇస్త. పూజ దగ్గర, దేవుని దగ్గర పెద్దలు వద్దంటే కెమెరా సంచిలో పెడత. ఊరంతటికి సంబంధించిన ఫొటో అయితే రాయ్ సెంటర్ పెద్దల ముందు పెట్టి అడుగుత.

మనల్ని ముందుగాల తీసినోళ్లు లేరా అంటే ఉన్నరు. 1940లో కొమురం భీం అమరుడయినంక, గోండుల కష్టం ఏందో చూడమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ దొరను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి, మన భాష నేర్చుకొని, మన దండారీ, మన పెండ్లిళ్లు, మన ఇండ్లు ఫొటోలు తీసిండ్రు. వాళ్ల సమాధులు మార్లవాయిలోనే ఉన్నయి, మన పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటరు. ఆ ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయంలో సోయాస్ అనే సంస్థ దగ్గర ఉన్నయి. మంచి పనే చేసిండు, ఆయన తీయకుంటే అవి కూడా ఉండకపోవు. కానీ ఒక్కటి ఆలోచించుండ్రి. మా ముత్తాత కాలం దండారీ చూడాల్నంటే నేను లండన్ వెబ్‌సైట్ తెరవాలె. మన ముఖాలు మన ఊళ్లలో ఉండాలంటే తీసే చెయ్యి మనది కావాలె, దాచే పెట్టె కూడా మనది కావాలె.

ఇంకొక పని ఉన్నది, అది ఉద్యమం పని. పోడు భూమి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి భూమి మన స్వాధీనంలో ఉన్నట్టు చూపించాలె. రూల్స్‌లో 13వ రూలు సాక్ష్యాలు ఏమేం పనికొస్తయో చెప్తది. భూమి చదును చేసిన గుర్తులు, గట్లు, ఇండ్లు, గుడిసెలు, పాత బావులు, బొందల గడ్డలు, దేవుని తావులు, ఊరి పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ అందులో ఉన్నయి. ఇయ్యాల తీసిన ఫొటో ఒక్కటే 2005 నాటి సంగతి రుజువు చెయ్యదు. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు ఉండాలె. కానీ మీ తాత కట్టిన గట్టు, ఆ గట్టు మీద పెరిగిన ఇప్పచెట్టు, ఆ పక్కన బొందల గడ్డ, ఇవి వరసగ ఫొటోల్లో ఉంటే గ్రామసభ రాసే తీర్మానానికి బలం.

అట్ల తీసేటప్పుడు మూడు తీయాలె: దూరం నుంచి మొత్తం కనపడేటట్టు ఒకటి, నడిమి దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. ఎడిట్ చెయ్యొద్దు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే తేదీ, జాగా ఫొటో లోపలనే రాసి ఉంటది. వాట్సాప్‌లో మామూలుగ పంపితే ఆ వివరాలు పోతయి, డాక్యుమెంట్ లెక్క పంపితే ఉంటయి. అసలు ఫైల్ రెండు చోట్ల దాచుండ్రి.

దీనికి ఉల్టా సంగతి కూడా ఉన్నది. ధర్నాలో, పోడు దగ్గర లొల్లి అయినప్పుడు, ఆడోళ్ల ముఖాలు దగ్గర నుంచి తీసి వెంటనే నెట్‌లో పెట్టకుండ్రి. మీకు లైకు, వాళ్లకు కేసు అయితది. ముఖం కనపడాల్నా వద్దా అనేది కేసు ఎవరి మీద పడుతదో వాళ్లు చెప్పాలె.

ఇగ పైసల ముచ్చట. అబద్ధం చెప్పను. దండారీ ఫొటోలతో నా ఇల్లు నడవది. పెండ్లిళ్లతో నడుస్తది. ఎండాకాలం మూడు నెలలు పని ఉంటది, వానకాలం చేన్ల పనికే పోత. సరదాగ తీసేటప్పుడు మనసు లేకుంటే మానేస్తిమి. అడ్వాన్స్ తీసుకున్నంక జరమొచ్చినా పోవాలె. ఒకసారి మెమరీ కార్డు కరాబై ఒక పెండ్లి సగం పోయింది. వాళ్ల పైసలు వాపస్ ఇచ్చిన, కానీ ఆ పెండ్లి మల్ల రాదు కదా. అందుకే మీరు మొదట కొనేది పెద్ద కెమెరా కాదు, రెండు కార్డులు, ఒక హార్డ్ డిస్క్. నాలుగు నెలలు ఎవరి దగ్గరన్న లైటు పట్టుకొని నేర్చుకోండ్రి. చెల్లెళ్లు ముఖ్యంగ రావాలె. పెండ్లిపిల్ల ఇంట్లోపల ఆడోళ్ల మధ్య తీయాల్నంటే ఆడపిల్ల ఫొటోగ్రాఫర్ కావాలని ఇప్పుడు చానా మంది అడుగుతున్నరు.

నా దగ్గర పెండ్లి ఒప్పుకునేటప్పుడు ముందే చెప్త: రంగు మార్చను. మొదట్లో ఇద్దరు ముగ్గురు అడ్వాన్స్ వాపస్ తీసుకున్నరు. "అందరు చేస్తరు, నీకేం నొప్పి" అన్నరు. ఆ ఎండాకాలం అప్పు కట్టలేకపోయిన. అయినా ఒప్పుకోలే. ఇప్పుడు ఆ మాట వినే వచ్చేటోళ్లు ఉన్నరు. ఎక్కువ మంది లేరు, కానీ ఉన్నరు.

చివరి మాట.

అక్క పెండ్లి అసలు ఫైళ్లు నా డిస్క్‌లో ఉండె. సొంత పైసలు పెట్టి ఆల్బమ్ మల్ల చేపిచ్చిన. రంగు ముట్టుకోలే. తీస్కపోయి అక్కకే ఇచ్చిన, జరిగింది చెప్పి తప్పు ఒప్పుకున్న. అక్క ఏం అనలే, పేజీలు తిప్పుకుంట కూసున్నది. పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి భుజం మీదికెళ్లి చూసింది. "ఇగో, ఇది మా పిల్ల" అన్నది. మల్ల పోయి పొయ్యి ఊదుకున్నది.

క్రీము ఇంకా రాసుకుంటున్నదా అంటే, బంద్ చేసింది. కానీ చెంప మీద మచ్చ ఒకటి ఉండిపోయింది. నేను తీసే ఫొటోల్లో ఆ మచ్చ కూడా ఉంటది. దాన్ని నేను తీసెయ్యను.

మీరు ఈ శిబిరం నుంచి పోయినంక ఒక్క పని చేయుండ్రి. ఫోన్ అందరి దగ్గర ఉన్నది. మీ ఊర్లో అరవై దాటిన ప్రతి పెద్దమనిషిని అడిగి, పొద్దు వాలేటప్పుడు చూరు కింద కూసోబెట్టి, ఒక్క మంచి ఫొటో తీయుండ్రి. వాళ్లు ఏ పని చేస్తే నాలుగు ఊళ్లు చెప్పుకున్నయో, ఆ పని చేతిలో ఉండంగ తీయుండ్రి. ప్రింటు తీసి వెనక పేరు, ఊరు, గోత్రం, తేదీ రాసి వాళ్ల ఇంట్లోనే పెట్టుండ్రి. ప్రింటుకు పది, పదిహేను రూపాయలు అయితది.

మా తాతకు నేను ఆ పని చెయ్యలేకపోయిన. మీ తాతలు ఇంకా ఉన్నరు.

జై సేవా. జై ఆదివాసీ.